నోరులేని జీవికి ఇచ్చిన మాట

అబద్ధమాడటం పాపమని మనందరికీ తెలుసు. పిల్లలకు ఊహ తెలిసిన నాటి నుంచి ఆ మాట నేర్పుతాం. జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు వింటాం. మరి మాటలే రాని ఒక పశువుతో మనిషి అబద్ధమాడగలడా? ఆడితే అది పాపంగా లెక్కించబడుతుందా, లేక ఒక చిన్న ఉపాయంగా మిగిలిపోతుందా? ఈ ప్రశ్న నాకు గ్రంథాలు చదువుతుంటే తట్టింది కాదు. పదేళ్ల వయసులో, మా కోవూరులో, ఒక గుర్రపు పిల్ల విషయంలో నేను చేసిన తప్పు నుంచి పుట్టింది.

అది 1970వ దశకం. పెన్నకు అవతల నెల్లూరు, ఇవతల మా ఊరు. ఆటోలు అంతగా లేని ఆ రోజుల్లో మూటాముల్లెతో ప్రయాణం చేసేవారికి, ముసలివారికి, కాన్పుకు వెళ్లే ఆడవారికి జట్కా బండే దిక్కు. మా వీధిలో జట్కా తోలే ఒక పెద్దాయన ఉండేవారు. పిల్లలమంతా ఆయన్ని చాచా అని పిలిచేవాళ్లం. చదువు లేదు. ఐదు పూటలా నమాజు మాత్రం తప్పేవారు కాదు. ఆయన ఆడగుర్రం ఒకనాడు తెల్లవారి మేము ఫజర్‌కు లేచేసరికి ఈని ఉంది. పదకొండు నెలలు తల్లి కడుపులో ఉన్న ఆ పిల్ల, పుట్టిన కాసేపటికే వణికే కాళ్ల మీద లేచి నిలబడి పొదుగు వెతుక్కోవడం చూసి మేము నోళ్లు తెరిచాం.

చాచా ఆ పిల్లను పట్టుకోలేదు. మమ్మల్నీ పట్టుకోనివ్వలేదు. రోజూ పోయి తల్లి పక్కన నిలబడి దాని మెడ నిమిరేవారు, జూలు దువ్వేవారు. పిల్ల తల్లి చాటు నుంచి చూస్తూ ఉండేది. కొన్నాళ్లకు ఆయన నేల మీద గొంతుకూర్చుని ఊరికే ఉండేవారు. పిల్ల ఒక అడుగు ముందుకు వేసేది, రెండడుగులు వెనక్కి వేసేది. ఒకరోజు వచ్చి ఆయన భుజం వాసన చూసింది. ఆయన కదల్లేదు. మరునాడు మళ్లీ వచ్చింది. అప్పుడు మెల్లగా, మెడా వీపూ కలిసే చోట వేళ్లతో గోకారు. ఆ తర్వాత పాత గుడ్డలతో పేనిన మెత్తటి తాడు మెడ మీద వేసి, ఒక్కసారి సూరె ఫాతిహా చదివినంత సేపు ఉంచి తీసేసేవారు. కాలు ఎత్తి పట్టుకుంటే, అది గుంజుకోకముందే తానే దించేవారు. 'అది గుంజుకున్నాక వదిలితే గుంజుకోవడం నేర్పినట్టు. ఊరుకున్నప్పుడే వదిలితే ఊరుకోవడం నేర్పినట్టు' అనేవారు.

మూడు నెలలు గడిచేసరికి ఆయన ఉలవల గంప ఆడించి 'ఆజా బేటీ' అంటే చాలు, కాలువ గట్టున ఎక్కడ మేస్తున్నా ఆ పిల్ల పరుగెత్తుకుని వచ్చేది. గంపలో నాలుగు గింజలైనా ఉండేవి. ఏనాడూ ఖాళీ గంప చూపించి ఆయన దాన్ని పిలవలేదు.

ఒక సాయంత్రం ఆయన బండి కట్టుకుని నెల్లూరు వెళ్లిన సమయంలో, నా స్నేహితుల ముందు గొప్ప చూపించుకోవాలనిపించింది. గంపలో గులకరాళ్లు వేసి ఆడించాను. ఆయన గొంతుతోనే 'ఆజా బేటీ' అన్నాను. పిల్ల వచ్చింది. మూతి గంపలో పెట్టింది. వెనక పొంచి ఉన్నవాడు మెడకు తాడు వేసి బిగించాడు. అది ఎగిరి, గింజుకుని, మోకాళ్ల మీద పడింది. చర్మం లేచి రక్తం వచ్చింది. తాడు తెంచుకుని పారిపోయింది. మేము నవ్వాం.

మరునాడు చాచా నిజమైన ఉలవల గంప ఆడించారు. పిల్ల రాలేదు. చెవులు వెనక్కి వాల్చి దూరంగా నిలబడి చూసింది. ఆయన నా వైపు తిరిగారు. కొట్టలేదు, తిట్టలేదు. 'బేటా, గంపలో రాళ్లున్నాయని నీకు తెలుసు. దానికి తెలియదు. తప్పు నమ్మినదానిదా, నమ్మించినవాడిదా?' అని మాత్రం అడిగారు. వేసవిలో పోయిన ఆ నమ్మకం మళ్లీ కుదురుకునేసరికి వానలు పడి నాట్లు కూడా అయిపోయాయి.

గుర్రానికి అర్థమయ్యే భాష

ఆ రోజు నేను నోటితో చెప్పిన అబద్ధం ఏదీ లేదని ఎవరైనా వాదించవచ్చు. నిజమే. కాని మాట అంటే నోటి శబ్దం మాత్రమేనా?

అల్లాహ్ గుర్రాన్ని వేటాడే జీవిగా సృష్టించలేదు, వేటకు గురయ్యే జీవిగా సృష్టించాడు. అందుకే భయం దానికి కవచం, పరుగు దానికి ఆయుధం. కళ్లు తలకు ఇరువైపులా ఉండటం వల్ల అది దాదాపు చుట్టూరా చూడగలదు. నుదురుకు సరిగ్గా ఎదురుగానూ, తోకకు సరిగ్గా వెనకానూ మాత్రం దానికి కనబడదు. అందుకే తెలిసినవాడు ఎదురుగా వెళ్లి ముఖం మీద చెయ్యి వేయడు. భుజం పక్కగా, కనబడుతూ, వినబడుతూ వెళతాడు. చాచా గోకిన ఆ మెడ మొదటి చోటే గుర్రాలు ఒకదానినొకటి పళ్లతో మెల్లగా గోక్కునే చోటు. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి మరీ చెప్పారు. చదువులేని చాచాకు అది ఎవరు నేర్పారో గాని, ఆయన ఆ పిల్లతో దాని భాషలోనే మాట్లాడారన్న మాట.

గుర్రం మనిషిని ఎంత లోతుగా గమనిస్తుందో తెలిపే ప్రసిద్ధ సంఘటన ఒకటి ఉంది. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో జర్మనీలోని బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు పడింది. ప్రశ్న అడిగితే డెక్కతో నేలను తట్టి జవాబు చెప్పేది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు శోధించి 1907లో అసలు సంగతి తేల్చాడు. దానికి లెక్కలు రావు. సరైన సంఖ్య దగ్గరపడగానే ప్రశ్న అడిగినవాని తల, ముఖం తెలియకుండానే లేశమాత్రం కదిలేవి. ఆ కదలికను చూసి గుర్రం తట్టడం ఆపేసేది. తాము కదిలినట్టు ఆ మనుషులకే తెలియదు! మన శరీరం చెప్పేదాన్ని మనకంటే ముందే తెలుసుకునే జీవి అది. అలాంటి జీవికి 'నేనేమీ చెప్పలేదు' అని మనిషి ఎలా అనగలడు?

2005లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు వెల్లడించిన మరో విషయం ఉంది. ఈనిన తొలి ఐదు రోజులు కొన్ని తల్లి గుర్రాలను రోజూ కొద్దిసేపు మెల్లగా దువ్వారు. పిల్లలను తాకనేలేదు. మరికొన్ని తల్లుల దగ్గర మనిషి ఊరికే నిలబడ్డాడు. దువ్వబడిన తల్లుల పిల్లలు మనుషుల దగ్గరికి త్వరగా వచ్చాయి. నెలలు గడిచినా ఆ తేడా నిలిచింది. తల్లి నమ్మినవాణ్ణి పిల్ల నమ్ముతుంది. పిల్లను బలవంతంగా ఒడిసిపట్టి మచ్చిక చేయాలనుకునేవారు ఆలోచించవలసిన విషయమిది.

ఇది కొత్త జ్ఞానం కాదు. రెండు వేల మూడు వందల ఏళ్లకు పైగా క్రితం గ్రీకు సేనాని జెనొఫన్, కోపంలో ఉన్నప్పుడు గుర్రం దగ్గరికి పోవద్దని రాశాడు. ఈ జ్ఞానం లేనిచోట ఏం జరుగుతుందో పదమూడవ శతాబ్దం చివర మన నెల్లూరుకు దక్షిణాన ఉన్న తీరాన్ని చూసిన మార్కో పోలో రాతల్లో ఉంది. హోర్ముజ్, ఏడెన్ వంటి రేవుల నుంచి ఏటా వేల గుర్రాలు ఓడల్లో దిగేవని, వాటిని సాకడం తెలియక చాలా వరకు చచ్చిపోయేవని, అందుకే రాజులు ఏటేటా మళ్లీ సొమ్ము పోసి కొనవలసి వచ్చేదని ఆయన రాశాడు. సొమ్ముతో గుర్రాన్ని కొనవచ్చు. దాన్ని బతికించే ఓర్పు మాత్రం ఏ ఓడలోనూ రాదు.

పిడికిట్లో ఏముంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దైవప్రవక్త (స) కాలంలో జరిగిన ఒక సంఘటనను అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) వివరించారు. ఇది అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. చిన్నతనంలో ఆయన్ని తల్లి 'ఇలా రా, నీకొకటి ఇస్తాను' అన్న భావంతో పిలిచింది. ఆ సమయంలో దైవప్రవక్త (స) వారి ఇంట్లోనే ఉన్నారు. ఏమివ్వాలనుకుంటున్నావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. నీవు ఏమీ ఇవ్వకుండా ఉన్నట్లయితే అది నీ కర్మల చిట్టాలో ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు.

ఎంత సున్నితమైన త్రాసు ఇది! పిలిచింది కన్నతల్లి. ఆమె మనసులో కీడు లేదు. పిలిపించుకున్నది మంచీ చెడూ తర్కించలేని పసివాడు. అయినా పిలుపు ఒక వాగ్దానమైంది. ఖాళీ పిడికిలి ఒక అబద్ధమైంది. మన ఇళ్లలో 'రా నాన్నా, చాక్లెట్ ఇస్తా' అని పిలిచి సిరప్ తాగించే తల్లులు, 'ఇప్పుడే వచ్చేస్తా' అని చెప్పి సాయంత్రం దాకా రాని తండ్రులు ఈ హదీసును ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకుని తలచుకోవాలి.

ఈ హదీసు పసిబిడ్డ గురించి కదా, పశువుకు ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. ఈ రెంటినీ ఒకటి చేసి ఫత్వా ఇవ్వడం నా ఉద్దేశం కాదు, అది పండితుల పని. కాని పశువు పట్ల మన ప్రవర్తనకు కూడా లెక్క ఉందని మరో హదీసు చాటుతోంది. ఒక అన్సారీ తోటలోకి దైవప్రవక్త (స) వెళ్లినప్పుడు అక్కడి ఒంటె ఆయన్ని చూసి మూలిగింది. దాని కళ్ల వెంట నీరు కారింది. ఆయన దాని చెవుల వెనక నిమిరారు. అది శాంతించింది. యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ మూగజీవి విషయంలో ఆయనకు భయపడవా, నీవు దీన్ని పస్తులుంచుతున్నావనీ అలసిపోయేలా పని చేయిస్తున్నావనీ ఇది నాతో మొర పెట్టుకుంది అని నిలదీశారు. నోరులేని జీవి ఫిర్యాదు నమోదు కాదని అనుకునేవారికి ఇంతకు మించిన హెచ్చరిక ఏముంటుంది?

హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి మొండికేస్తున్న ఒంటె మీద ఎక్కి దాన్ని అటూ ఇటూ గట్టిగా లాగసాగారు. మృదుత్వం పాటించమని దైవప్రవక్త (స) ఆమెను వారించారు. మృదుత్వం ఏ పనికైనా అందాన్నిస్తుందనీ, అది లేని పని వికారంగా మారుతుందనీ బోధించారు. ఇక గుర్రం విషయానికొస్తే, దాని నుదుటి జుట్టులో ప్రళయం వరకు శుభం ముడిపడి ఉందని చెబుతూ ఆయన (స) తన వేలితో ఆ జుట్టును మెలిపెడుతుండగా చూశానని జరీర్ (రజి) చెప్పారు. బోధించేటప్పుడు కూడా ఆ చెయ్యి గుర్రం నుదుటి మీదే ఉందన్నమాట.

గాలానికీ గంపకూ తేడా లేదా?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మన తీరంలో బెస్తవారు గాలానికి ఎర గుచ్చుతారు. వేటగాడు ఉచ్చు పన్నుతాడు. వేటను షరీఅత్ అనుమతించింది. ఎర మోసం కానప్పుడు ఖాళీ గంప మాత్రం మోసమెలా అవుతుంది?

తేడా ఉంది. చేపను మనం పిలవలేదు. నా దగ్గరికి వస్తే నీకు మేలని ఏనాడూ దానికి నేర్పలేదు. దానికీ మనకూ మధ్య ఒప్పందం లేదు. కాని గుర్రపు పిల్ల? దాని సహజ గుణం పారిపోవడం. ఆ గుణాన్ని మాన్పించింది మనం. నెలల తరబడి ఓర్పుతో ఈ గంప అంటే గింజలు, ఈ గొంతు అంటే క్షేమం, ఈ చెయ్యి అంటే హాయి అని దానికి నేర్పింది మనం. దాని ఏకైక ఆయుధాన్ని దాని చేతనే కింద పెట్టించాం. నిరాయుధంగా వచ్చినదాన్ని ఆ నమ్మకంతోనే పట్టుకోవడం వేట కాదు. అభయమిచ్చి పిలిచినవాణ్ణి పొడవడం అది. నేర్పిన పిలుపు ఇచ్చిన మాటే. అది అమానతు.

మరైతే సూది వేయించాలన్నా, లాడం కొట్టించాలన్నా, తల్లి పాలు మాన్పించాలన్నా ఏం చేయాలి? నొప్పి లేకుండా ఏ పెంపకమూ లేదు. నిజమే. కాని నొప్పి వేరు, వంచన వేరు. చాచా పశువుల డాక్టరు దగ్గరికి పిల్లను తీసుకుపోవలసిన రోజున ఆ పిలుపు పిలిచేవారు కాదు. తానే నడిచి దాని దగ్గరికి వెళ్లి, తాడు కనబడేలా పట్టుకుని, మెడకు వేసి నడిపించుకుపోయేవారు. సూది అయ్యాక ఉలవలు పెట్టేవారు. అది బెదిరేది, కాని విరిగిపోయేది కాదు. పిల్లవాణ్ణి సున్తీకైనా పళ్ల డాక్టరు దగ్గరికైనా 'నొప్పి ఉంటుంది, నేను పక్కనే ఉంటాను' అని తీసుకువెళ్లే తండ్రి, 'బజారుకు పోదాం రా' అని తీసుకువెళ్లే తండ్రి ఇద్దరూ ఒకే నొప్పి దగ్గరికి చేరుస్తారు. మరుసటిసారి ఎవరి వేలు పట్టుకుని ఆ బిడ్డ నడుస్తాడన్నదే తేడా.

మంచితనం కూడా ఒక కళ్లెమేనా?

నన్ను ఎక్కువ కాలం వేధించిన ప్రశ్న మరొకటి ఉంది. చాచా అంత ఓర్పు చూపింది ఎందుకు? చివరికి బండికి కట్టడానికే కదా? అలాంటప్పుడు ఆ మృదుత్వం కొరడా కంటే తెలివైన కొరడా మాత్రమేనా? లాభం కోసం చూపే దయను దయ అనవచ్చునా?

దివ్య ఖుర్‌ఆన్ గుర్రాలను మన స్వారీ కోసం సృష్టించబడినవాటిలో పేర్కొంది. కనుక వాటి సేవ పొందడం తప్పు కాదు. అదే ఖుర్‌ఆన్ జంతువులు, పక్షులు కూడా మీవంటి సముదాయాలేనని తెలిపింది. కనుక అవి పనిముట్లు మాత్రమే కావు. ఈ రెండు మాటల మధ్య నిలబడటమే విశ్వాసికి పరీక్ష. నీ మృదుత్వం ఉపాయమో, ధర్మమో తెలుసుకునే గీటురాయి ఒక్కటే: లాభం ఆగిపోయిన రోజున అది ఏమవుతుంది?

మన దేశపు చట్టం కొంత దూరం వచ్చింది. జంతు హింస నిరోధానికి 1960లో చట్టం వచ్చింది. దాని కింద 1965లో చేసిన నియమాలు ముళ్ల కళ్లేన్ని, ముళ్ల కర్రను నిషేధించాయి. బండి లాగే పశువుతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదన్నాయి. ఇవి మంచి నియమాలు. కాని ఖాళీ గంపను ఏ చట్టమూ నిషేధించలేదు. నిషేధించలేదు కూడా. దానికి సాక్షి ఉండడు, గాయం కనబడదు, బాధితురాలు కోర్టుకు రాదు. చట్టం ఆగిపోయిన ఆ చోటే తఖ్వా మొదలవుతుంది. బలవంతుడికి ఇచ్చిన మాట తప్పితే వాడు నిలదీస్తాడు. నోరులేనిదానికి ఇచ్చిన మాట తప్పితే నిలదీసేవాడు అల్లాహ్ ఒక్కడే. అందుకే ఆ మాట మరింత బరువైనది.

ఆ గీటురాయికి చాచా నిలిచారు. ముసలితనంలో తల్లి గుర్రం బండి లాగలేకపోయింది. దారుల మీద ఆటోలు పెరిగాయి. దాన్ని తోలేయమని ఊళ్లో చాలామంది చెప్పారు. 'దీని కాళ్ల కష్టంతో నా పిల్లలు అన్నం తిన్నారు' అని ఆయన దాన్ని చచ్చేదాకా కాలువ గట్టున మేపారు.

పిల్లను మాత్రం, అది ఎదిగాక, గడవక అమ్మవలసి వచ్చింది. కొనడానికి వచ్చినవాడు పళ్లు చూశాడు, కాళ్లు చూశాడు, బేరం కుదిరింది. డబ్బు చేతిలో పడబోతుండగా చాచా ఆపారు. 'ఒక లోపముంది. చిన్నప్పుడు ఒకసారి ఖాళీ గంపతో మోసపోయింది. ఇప్పటికీ మెడ వెనక నుంచి తాడు వస్తే బెదురుతుంది' అన్నారు. సరుకులో లోపం దాచి అమ్మరాదన్నది దైవప్రవక్త (స) ఆదేశం కదా. కొనేవాడు వెంటనే ధర తగ్గించాడు. చాచా తగ్గిన సొమ్మే తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నవాణ్ణి దగ్గరకు పిలిచి, 'ఆజా బేటీ అంటే వస్తుంది. వచ్చినప్పుడు గంప ఖాళీగా ఉండకూడదు' అని చెప్పి తాడు అప్పగించారు.

నేను అక్కడే నిలబడి విన్నాను. ఆ లోపం పేరు నేను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. పెద్దయ్యాక, సంపాదన మొదలయ్యాక, ఆ రోజు తగ్గిన సొమ్ము ఆయన చేతిలో పెట్టి క్షమించమని అడిగాను. నవ్వి, మసీదు హుండీలో వేయించారు. ఆయన బాకీ అలా తీరింది. గులకరాళ్ల గంపలో మూతి పెట్టిన ఆ పిల్ల బాకీ మాత్రం తీర్చే దారి నాకు ఈనాటికీ దొరకలేదు. మా ఇంట్లో పిల్లలను గాని, పెరట్లో మేకను గాని ఏదైనా ఇస్తానని పిలిచే ముందు నా పిడికిట్లో ఏముందో ఒకసారి చూసుకోవడం మాత్రం నేర్చుకున్నాను.

ప్రియ సోదర సోదరీమణులారా! మనల్ని నమ్మి మన దగ్గరికి వచ్చే ప్రతి ప్రాణీ మన చేతిలోని అమానతు. నమ్మినవారి ముందు మన గంప ఖాళీగా లేకుండా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.